తెర మూల

టీవీ తెరకు కుడివైపు అడుగున
అప్పడమంత గుండ్రంలో ఉంటాను నేను.
మొహం, భుజాలు, రెండు చేతులు.
నడుము కింద నేను లేనని దేశం నమ్ముతుంది.

యోయిదోలో ఇవాళ పొద్దుట్నుంచీ మంచు.
సభలో అధ్యక్షుణ్ణి దించాలా వద్దా అని చర్చ.
ఏ పార్టీ రంగూ కాని కోటు వేసుకు రమ్మన్నారు.
ఎరుపు ఒకరిది, నీలం ఇంకొకరిది,
ఆకుపచ్చకీ ఎవరో ఉన్నారు.
చివరికి బొగ్గు రంగుది దొరికింది,
పిన్ని చావుకి కొన్నది.

ముందు ప్రతిపక్షం నుంచి ఫ్యో సోక్‌చూన్ లేచాడు.
'రాజ్యాంగం గొంతు నులిమాడు, ద్రోహి' అన్నాడు.
గొంతు నులమడానికి నా దగ్గరున్నవి ఈ చేతులే.
నులిమాను.
తర్వాత అధికార పక్షం నుంచి కీ మల్సన్.
'ఇది కక్ష, చట్టం ముసుగేసుకున్న కక్ష' అంది.
గొంతు వదిలేసిన చేతులతోనే
ముసుగు వేశాను, తీశాను.

రెండు చేతులు కలిస్తేనే చప్పట్లంటారు.
నావి రోజంతా కలుస్తూనే ఉన్నాయి,
ఒక్క చప్పుడూ లేదు.

సాయంత్రం ఓటు వేళకి కుడివైపు బల్లలు లేచిపోయాయి.
చేతులు దులుపుకుని పోయారని ఒక విలేకరి,
చేతులు కట్టుకుని కూర్చోలేకే పోయారని ఇంకొకడు.
స్పీకర్ ఖాళీ కుర్చీలను పేరుపేరునా పిలిచాడు.
మా భాషలో పేరంటే వేళ్ళతో అక్షరం అక్షరం కట్టాలి.
ఎనభై తొమ్మిది పేర్లు.
రాని మనిషిని వేళ్ళమీద నిలబెట్టి,
ఒక్క క్షణం ఆగి, కూల్చి,
తర్వాతి మనిషి.
యాభై దాటాక నా బొటనవేలు చేతులెత్తేసింది.

బుచోన్‌కి ఆఖరి రైలు.
నాన్న మేలుకునే ఉన్నాడు.
పుట్టు చెవుడు. ఇంచియోన్ ఓడల యార్డులో
ముప్పై ఏళ్ళు వెల్డింగు చేశాడు,
చెవులున్నవాళ్ళకీ ఏమీ వినపడని చోట.
అధ్యక్షుడి మనిషి.
వేసిన ఓటు వెనక్కి తీసుకోని రకం.

గుమ్మంలోనే పట్టుకున్నాడు:
'ద్రోహి అన్నప్పుడు నీ కనుబొమలు లేచాయి.'
ఆయన అన్న తీరే అంత, నాన్నా.
'కక్ష అన్నప్పుడు లేవలేదు.'
నాకు జవాబు తోచలేదు.
మాకు కనుబొమ కూడా వ్యాకరణమే.
అది ఎవరి పక్షాన లేచిందో నాకెలా తెలుస్తుంది?
ఆ గుండ్రంలో అద్దం ఉండదు.

తమ్ముడు ఇంకా చౌరస్తాలోనే ఉన్నాడు,
రంగు దీపం ఊపుతూ.
వాడి మాటెత్తడం నాదే తప్పు.
నాన్న పిడికిలి తగిలి కిమ్చీ గిన్నె దొర్లింది.
నేనూ తగ్గలేదు.
అర్ధరాత్రి దాటేదాకా ఇద్దరం అరుచుకున్నాం,
పక్కింటివాళ్ళ నిద్ర చెడకుండా.

ఓడిపోతున్నప్పుడు నాన్నకొక అలవాటు.
దీపం ఆర్పేస్తాడు.
చీకట్లో మాకు మాటలుండవు.
ఇంత నికరంగా సభను వాయిదా వేయడం
ఏ స్పీకర్‌కీ చేతకాదు.

అలాగే కూర్చున్నాం.
తడుముకుంటూ టీవీ వెనక చెయ్యి పెట్టి చూశాను.
చల్లగా ఉంది.
ఓట్లు లెక్కపెట్టక ముందే కట్టేసి ఉంటాడు.

ఎంతసేపటికో
రవ్వలు పడి గరుకెక్కిన చెయ్యొకటి
నా చేతిని వెతుక్కుంటూ వచ్చింది.
అరచేతిలో వేలితో గీసింది:
ఎన్ని?

ఆయన అరచెయ్యి విప్పి మూడు అంకెలు రాశాను.
పంట్లాముకి తుడుచుకుని
మళ్ళీ చాపాడు.