నొక్కు, పట్టు, వదులు

లాన్సెస్టన్‌లో జూలై శనివారం.
గరాజ్ తలుపు సగం ఎత్తి
పాత హోండా పక్కన ముక్కాలిపీట వేసుకుని
కూర్చున్నాను, ఒళ్లో ఒక పెట్టె.
పెట్టెలో మూడు స్టీలు అల్లిక గొట్టాలు,
రాగి వాషర్ల పొట్లం,
ఒక కొత్త మాస్టర్ సిలిండర్.
నూట తొంభై డాలర్ల విడాకుల సామాను.

ఈ బండి చక్రాలు వేరు కాపురం ఎరగవు.
చేత్తో ముందు బ్రేకు పడితే
వెనకదీ ఉలిక్కిపడుతుంది.
కాలితో వెనకది తొక్కితే
ముందుదాని చెయ్యి కూడా పట్టుకుంటుంది.
ఎడమ ఫోర్కు మీద చిన్న సిలిండరొకటి
పెళ్లిళ్ల పేరయ్యలా
ఇక్కడి మాట అక్కడ చేరవేస్తుంటుంది.

తారు రోడ్డు మీద బాగానే ఉంటుంది.
పొయటీనా ఎక్కి గ్రేట్ లేక్ దాటాక
కంకర మొదలు.
పోయిన మార్చిలో, అక్కడ, ఒక మలుపులో,
వెనక చక్రాన్ని కాస్త జారనిద్దామని
పెడల్ మీద బొటనవేలు ఆనించానో లేదో
ముందు చక్రం తననే పిలిచారనుకుంది.
హ్యాండిల్ గుప్పిట్లో నీళ్లయింది.
పడలేదు.
పడనందుకు వచ్చే కోపం వేరు.
ఎవరో ఇంజనీరు, నన్ను చూడకుండానే,
నా కాలునీ చూడకుండానే,
"ఈమెకు వెనక బ్రేకు గుర్తుండదులే" అనుకున్నాడు.
హోబార్ట్ నించి వానలో ఒక్కదాన్నే వచ్చినదాన్ని!
ఆస్పత్రిలో పదకొండేళ్లుగా
రోజూ నలభైమంది ఎముకలకు ఎక్స్‌రే తీసేదాన్ని!
ఎవరు ఎలా పడ్డారో తెర మీద చూసి చెప్పగలను.

లయల్‌ని అడిగాను.
పేరులోనే లయ ఉంది మనిషికి, మాటలో లేదు.
గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుని అన్నాడు:
"విడగొట్టడం ఒక మధ్యాహ్నం పని.
కంకర మీదే బతుకుతానంటే విడగొడతా.
కానీ అన్నీ ఆ జోడీకి తూచి పెట్టినవి.
విడిపోయాక దేన్ని ఎంత లాగాలో
నీ వేళ్లు మళ్లీ మొదట్నించి నేర్చుకోవాలి.
ఇన్సూరెన్సువాడికి చెప్పాలి.
చెప్పాక వాడేమంటాడో వినాలి."
టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

ఇక ఫణీంద్ర సంగతి.
వెనక కూర్చుంటాడు నా మొగుడు.
ప్రతి మలుపులోనూ ఫుట్‌పెగ్గుని తొక్కుతాడు.
అక్కడ గొట్టం లేదు, నూనె చుక్క లేదు,
అయినా తొక్కుతాడు. నా నడుముకి తెలుస్తుంది.
ఏ పెట్టెలో సామానూ ఊడదీయలేని లింకు అది.
"నేనేమన్నాను?" అంటాడు దిగాక.
నిజమే, ఏమీ అనడు.

మొన్న డెలొరెయిన్ నించి వస్తుంటే
చీకటి పడే వేళ, చినుకు,
రోడ్డు మధ్య వాంబాట్,
ఇసకబస్తాకి కాళ్లొచ్చినట్టు,
తీరిగ్గా.
చెయ్యొక్కటే పనిచేసింది నాకు.
కాలొకటి ఉందన్న సంగతే మర్చిపోయాను.
బండి ముక్కు పొడుచుకోలేదు,
మడుగులో దిగిన గేదెలా
ముందూ వెనకా ఒక్కసారే కుంగి ఆగింది.
వాంబాట్ మావైపు చూడను కూడా లేదు.
వెనక ఫుట్‌పెగ్గు కిర్రుమంది.

ఇంజనీరు గెలిచాడని నేననను.
కంకర కంకరే, ఆ మలుపు ఇంకా అక్కడే ఉంది.
నా కాలు మర్చిపోయిన మాటా నిజమే.
రెండు నిజాలూ ఈ పెట్టెలో పట్టడం లేదు.

బ్రేకు నూనె మాత్రం టీ రంగుకొచ్చింది.
అది మార్చాలి, విడగొట్టినా, కలిపి ఉంచినా.
ఈ బండికి గాలి తీయడం ఒక నోము.
ఏ నిపుల్ ముందు, ఏది తర్వాత,
వరస తప్పితే మళ్లీ మొదటికి.
ఒక్క మనిషితో అయ్యే పని కాదు.
ఫణీంద్రని పిలిచాను. ఉన్ని టోపీతో వచ్చాడు.
"పెడల్ మీద కాలు పెట్టు.
నొక్కు. పట్టు. వదలకు.
నేను బిగించాక వదులు."
సన్న గొట్టంలో బుడగలు,
ఒకటి, రెండు, ఆగి, ఇంకొకటి.
ఇన్నేళ్లకి ఆ కాలికి నిజం బ్రేకు దొరికింది.
ఎంత శ్రద్ధగా తొక్కుతున్నాడో!

"పెట్టెలో ఏంటి?" అన్నాడు.
"గొట్టాలు" అన్నాను.
"నొక్కనా?"
"ఆగు. ఇంకా గాలి ఉంది."