పితికిపప్పు

ధనభాగ్యం కుడిచెయ్యి సిమెంటు కట్టులో ఉంది.
సంతపేట మలుపులో స్కూటీ జారి పన్నెండు రోజులు.
ఈలోగా మార్గశిరం వచ్చేసింది.
పలమనేరు పక్కనుంచి అనపకాయల మూటలు దిగేసినాయి.
చిత్తూరు మార్కెట్టంతా ఆ వాసన,
పచ్చిగా, జిడ్డుగా,
చొక్కాకు అంటుకుని ఇంటిదాకా వచ్చే వాసన.

మంచు తాగిన కాయకే అది పడుతుందంటుంది ఆమె.
నాకు తెలిసింది కొత్తగుడ్డ గంజి వాసన, మిషను నూనె వాసన.
అయినా మూడు కేజీలు తెచ్చినాను.
"ఎవురు పితికేది?" అనింది.
నా రెండు చేతులూ చూపించినాను.
ఆమె నవ్వలేదు.
నవ్వుంటే బాగుండేది.

ఒలిచిన గింజలు రాత్రంతా నీళ్లలో నానినాయి.
తెల్లారి చూస్తే
కొలతలిచ్చి పోయి, ఆర్నెల్లకు ఒళ్లు చేసి వచ్చిన గిరాకీల్లాగా
ఒక్కొక్కటీ తన చొక్కాలో తానే ఇరుక్కుని ఉంది.

బొటనవేలికీ చూపుడువేలికీ నడాన పెట్టి నొక్కాలంట.
మొదటి గింజ ఎగిరి గోడగడియారానికి తగిలింది.
రెండోది మిషను కిందికి దూరింది.
మూడోది నలిగి చచ్చింది.
"దాని గొంతు పిసకతా ఉండావా?
కొసన పట్టు, మెల్లిగా. దానంతట అదే వస్తాది."

ఇరవై రెండేళ్లు గరిటెల లెక్కన తిన్నాను.
గింజల లెక్కన ఎప్పుడూ చూడలేదు.
గిన్నెడు పప్పుకు ఎన్ని నొక్కులో
ఈ ఇంట్లో ఎవరం అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఎదురింటి సెల్వి తొంగిచూసి
"పితుక్కు పరుప్పా!" అని పీట వేసుకుని కూర్చునింది.
మిద్దెమీద అద్దెకుండే ముళబాగిలు టీచరమ్మ
"హితికిద బేళె" అంటా దిగొచ్చింది.
ముగ్గురం మూడు పేర్లతో అదే గింజను నొక్కినాం.
వంకాయ వెయ్యాలని సెల్వి, సొప్పు వెయ్యాలని టీచరమ్మ.
"మా పలమనేర్లో ఏమీ వెయ్యరు" అని ధనభాగ్యం
కట్టు చెయ్యి ఎత్తి మరీ చెప్పింది.

తొక్కలు ఒకవైపు మురికి తెల్లగా కుప్ప,
పప్పు ఇంకోవైపు
అప్పుడే తలంటుకున్న పసిబిడ్డల్లాగా.

ధనియాలు, ఎండుమిరపకాయలు, పట్టా, లవంగం వేయించినాను.
కొబ్బరి మాడబోయి ఆగింది.
ఎసట్లో పప్పు ఉడుకుతా ఉంటే
"తిప్పొద్దు, చిదుగుతాది" అని కుర్చీలోనుంచి కేక.
"ఉప్పెంత?"
"తగినంత."
తగినంత అని గుడ్డ కత్తిరిస్తే
ఈ ఊర్లో నాకు అంగడి ఉండేదా?

ఆమె ఎడమచేత్తో ఉప్పు తీసుకునింది.
చూసింది. మళ్లీ జాడీలో పోసేసింది.
ఆ చేతికి తెలీదు.
కొలతంతా కట్టు లోపల ఉండిపోయింది.

అప్పుడు నా అరచెయ్యి పట్టమనింది.
దాంట్లో ఉప్పు పోసి
కట్టు అంచులోనుంచి బయటికొచ్చిన నాలుగు వేళ్లకొసలతో
ఆ కుప్పను తడిమింది, కళ్లు మూసుకుని.
కొంచెం పక్కకు నెట్టింది.
ఇంకొంచెం.
"ఇంత."

సంగటి నాతో కాలేదు. ఉండలు కట్టింది.
కట్టెతో కెలికీ కెలికీ భుజం పోయింది.
తడిచేత్తో ముద్దలు చేస్తే
ఒకటి పిల్లది, ఒకటి పెద్దది, ఒకటి ఏదీ కాదు.
మా హిమజ కాలేజీనుంచి వచ్చి
ముద్దకు గుంత చేసి, పులుసు పోసుకుని, మింగి,
"అమ్మ చేసినట్టు లేదు" అనింది.
రెండోసారి గిన్నె ముందుకు జరిపింది.
ధనభాగ్యం మాత్రం ఏమీ అనలేదు,
ఎడమచేత్తో తింటా ఉంది, మెల్లిగా,
పులుసు మణికట్టుదాకా కారినా తుడుచుకోకుండా.

మర్నాడు గిరింపేటలో అంగడి తెరిచినాను.
ప్యాంటు పొడుగు తగ్గించమని వచ్చిన పెద్దాయన
టేపు పట్టిన నా చేతిని చూసి ఆగినాడు,
ముక్కు ఎగబీల్చినాడు.
"ఇంట్లో పితికిపప్పా?"
"అవును."
"ఉర్లగడ్డ ఏసినారా?"
"లేదు."
ఆయన మొహం చూస్తే
చెప్పాల్సింది శానా ఉన్నట్టే ఉంది.
కత్తెర పక్కన పెట్టి
స్టూలు ఆయనవైపు జరిపినాను.