ఏ గడిలో

తెముకోలో వాన పట్టుకుంటే సెప్టెంబరు దాకా వదలదు.
మూడో అంతస్తులో, హీటరు పక్కన,
తడిసిన ఫారాలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను.
మపూచే విద్యార్థుల కోసం ఇరవై నాలుగు ప్రశ్నలు.
ఎప్పుడూ లేదు అంటే సున్నా,
ఎల్లప్పుడూ అంటే నాలుగు.
మనిషి పడ్డ మాటల్ని కొలవడానికి
ఇంతకంటే సన్నటి కొలబద్ద లేదని
మా ప్రొఫెసరు గారి నమ్మకం.

ఎలిసెయో కురాకెయో వచ్చాడు
చోల్‌చోల్ బస్సు దిగి, నానిన ఉన్ని కోటుతో,
కోటంతా కట్టెల పొయ్యి వాసనతో.
అటవీ ఇంజనీరింగు, రెండో ఏడు.
నాలుగు నిమిషాల్లో నింపేశాడు.
పై నుంచి కింది దాకా సున్నాలే.
ఒక్కో సున్నా చుట్టూ పెన్ను రెండుసార్లు తిరిగింది.

నిజంగానేనా అని అడక్కూడదు. నియమం.
అడిగాను.

"ఏడో ప్రశ్న చూడండి.
మీ పక్క నుంచి ఎవరైనా లేచి వెళ్ళారా?
లేదు. నేనే చివరి వరసలో కూర్చుంటాను.
కిటికీ కూడా నేనే తీస్తాను,
వాళ్ళు తీసేలోపు.
పదకొండు. మీ పేరు విని నవ్వారా?
హాజరు మొదలయ్యే ముందే వెళ్ళి
ఎలీ అంటే చాలండీ అని చెప్పొస్తాను.
పదహారు. మీ భాష మాట్లాడినందుకు...
మాట్లాడితే కదా."

ఒక్క అబద్ధమూ లేదు.
పట్టికలో ఇక అతను
సగటును కిందికి లాగే అదృష్టవంతుడు.
గదిలో పొగ వాసన ఉంది,
కాగితం మీద నిప్పు లేదు.

వెళ్తూ వెళ్తూ నా మెడలో బ్యాడ్జి చదివాడు.
"రోసియో ఫ్వెంతెస్. రెండో ఇంటిపేరు?"
మా దేశంలో అందరికీ రెండు,
నాన్నది ముందు, అమ్మది వెనక.
చోటు చాల్లేదు అన్నాను.

చోటుంది. ఫ్వెంతెస్ తర్వాత
వేలెడు తెలుపు, ప్లాస్టిక్ కింద, భద్రంగా.
అచ్చువేసేవాడికి నేనే చెప్పాను వద్దని.

అందరూ వెళ్ళాక ఒక ఖాళీ ఫారం తీసుకున్నాను.
పదో ప్రశ్న దాకా చకచకా సున్నాలు.
పదకొండు దగ్గర పెన్ను మొరాయించింది.
అట్టడుగున 'ఇంకేమైనా చెప్పదలిస్తే' అని
ఎవరూ ముట్టని రెండు గీతలుంటాయి.
అక్కడ రాశాను
కురివెంత్రో.
చాలా ఏళ్ళకి రాయడం కదా,
చివరి అక్షరం గీత దాటి అంచుకి పోయింది.

కంప్యూటరు ముందు కూర్చున్నాను.
దీన్ని ఏ అంకెగా ఎక్కించాలో
అది అడుగుతూనే ఉంది.