కాలివేలికి దారం

ఈ మోకు నాది కాదు.
ఇరవై రెండేండ్లు ఆయన నడుమును మోసింది,
ఆయన ఒడ్డూ పొడుగూ దీనికి ఎరుకే.
నన్ను మోసిన మొదటి రాత్రి
కొత్త కోడల్ని చూసిన అత్తలెక్క
పట్టాల్సిన కాడ పట్టలే,
కోయద్దన్న కాడ కోసింది.

తాడిచెట్టు మీంచి ఆయన జారింది మాఘంల.
సిరోంచ దవఖాన, ఆడికెళ్లి చంద్రపూర్.
తెల్లకోటాయన మరాఠీల ఏందో చెప్పిండు,
నర్సమ్మ హిందీల చెప్పింది.
చెయ్యి ఊపుడొక్కటే నాకు సమజైంది.

ఇప్పుడు మక్కకంకి పాలు పోసుకున్నది.
పందులకు పంచాంగం ఎవలు చదివిపెడ్తరో,
సరిగ్గ ఆనాడే దిగుతయ్.
మంచె ఏసుకోరాదా అంటరు.
మంచెకు నాలుగు గుంజలు కావాలె,
గుంజలు నాటేటోని నడుము కావాలె.
నల్లమద్ది ఉన్నది, మోకు ఉన్నది.
నేనున్న.

చెట్టు మొదట్ల నులకమంచం,
చుట్టూ ముండ్లకంప.
అండ్ల పండుకొని ఆయన చెప్తడు:
"పోసక్కా, ముడి పైకి జరుపు. కండ్ల ఎత్తుకు.
బొడ్డు కాడ కడితే తొడలు చస్తయ్.
చేనును కాదు, చెట్టును చూడు.
మొకం చెట్టుకు, మోకాళ్లు చెట్టుకు,
బరువు తాడుకు.
నీకసలు బరువే లేదనుకో."

నాకు బరువే లేదట!
ఆరు నెలల సంది ఆయన్ని ఎత్తి, దించి, ఒత్తిగిలించే నాకు.

రెండోనాడు గోనెసంచి మడత పెట్టుకున్న.
మూడోనాడు గొడ్డలితోని అడుగంత గంటు,
ఎడమకాలు ఆనేటందుకు.
నాలుగోనాడు చీమలు. దాని గురించి చెప్ప.
ఏడోనాటికి దొరికింది.
అది కూసునుడు కాదు, నిలవడుడు కాదు.
సంకల పిల్లగాన్నేసుకొని
బోరింగు కాడ ముచ్చట పెట్టేటప్పుడు
తుంటి ఒక పక్కకు ఒరుగుతది చూడు, అది.
ఆ ఒంపు నాకు ఎప్పటి సందో వచ్చు.
ఇంత పేరున్న గీతకార్మికుడు,
దాని సంగతి ఆయనకు తెల్వదు.

విల్లు రైను తలాండిది.
ఎండిన సొరకాయను కొమ్మకు కట్టి నేర్పిండు:
వేలాడుకుంట గుంజేటప్పుడు భుజం కాదు వదినా,
నడుము తిరగాలె.
మళ్లా నడుమే.

నా బొటనవేలికి సన్న నైలాన్ దారం,
రెండో కొస ఆయన మణికట్టుకు.
ఒక్కసారి గుంజితే, మేల్కొని ఉన్నవా.
రెండుసార్లంటే, సప్పుడైంది, చూడు.
మూడుసార్లకు ఏం అర్థం పెట్టుకోలే.
ఒకపాలి మూడుసార్లు గుంజిండు.
ఎందుకని నేనడుగలే, ఆయన చెప్పలే.

రాత్రి మబ్బు పట్టింది.
ప్రాణహిత దిక్కుకెళ్లి గాలి మొకానికి కొడుతున్నది,
అంటే నా వాసన వెనుకకే పోతది, మంచిదే.
మూడో జాముల కర్రలు పటపట ఇరిగినయ్.
ఒంటిపంది. మెడ మీద బురద ఎండి
పాత గోడలెక్క పగిలి ఉన్నది.
దారం కదలలే.
నేనే ఒరిగిన, తిరిగిన, గుంజిన, ఇడిసిన.
తాడు కిర్రుమనలే, కాలు జారలే.
బాణం పోయి గెనంల దిగవడ్డది.
పంది దాన్నొకసారి వాసన చూసి
అవమానమైనట్టు గుర్రుమని పోయింది.

తప్పితే తప్పింది, ఎట్ల కూసున్ననో ఆయనకు చెప్పాలె.
వేలితోని ఒక్కసారి గుంజిన.
దారం ఉత్తగనే వదులై వచ్చింది.
కిందికెళ్లి గురక.

మాఘం సంది ఆయనకు నిద్ర లేదు.
గోలీలిచ్చిన నాడు లేదు, కల్లు తాగిన నాడు లేదు.
దిగుదామంటే మద్దిబెరడు పెళ్లలు పెళ్లలుగ రాలుతది,
రాలితే మొకం మీదనే.

దిగలే.
పంది మళ్లా వచ్చింది. ఈసారి పిల్లలతోని ఇంకోటి సుత.
అరిస్తే పోవు.
మొకం చెట్టుకు, మోకాళ్లు చెట్టుకు.
రెండు సాళ్లు నములుడంతా ఇనుకుంట
వంతెన మీద తెల్లారగట్ల లారీ హారన్ కొట్టేదాక
అట్లనే ఆనుకొని ఉన్న.

"వచ్చినయా?" అన్నడు లేచి.
"ఒకటి వచ్చింది, పోయింది" అన్న.
మంచంల కెళ్లి చూస్తే
ఆ రెండు సాళ్లు కనవడయ్.