చివరి చుక్క

నెలకు నాలుగు వందల ఇరవై రూపాయలకు
ముంబైలో ఎక్కడో ఒక గది అద్దెకు తీసుకున్నాను.
చూడలేదు. చూడటానికేమీ లేదు.
మూడు చుక్కలు విడదీసిన నాలుగు అంకెలు చిరునామా,
నల్ల తెర మీద మిణుకుమనే ఒక గీత గుమ్మం.

గది నాకోసం కాదు.
కొండితోపులో కుట్టుమిషన్ల సామాన్ల కొట్టు
వేదాచలం శెట్టిగారిది.
బాబిన్లు, సూదులు, తోలు బెల్టులు,
కంపెనీలే మూతబడ్డ మిషన్లకు కూడా పళ్ళచక్రాలు.
"మన మెయిళ్ళు ఎవరికీ చేరటం లేదమ్మా" అన్నారు.
"పంపుతున్నాం, పోతున్నాయి, చేరటం లేదు.
నలభై ఏళ్ళు కార్డుముక్కలు రాశాను ఈ ఊళ్ళో,
ఒక్కటీ తిన్నగా చెత్తబుట్టకి పోలేదు."

పెరంబూరు మేడగదిలో రాత్రి పదకొండున్నర.
వాన వచ్చేలా ఉంది, రాదు.

మొదట తెలిసింది ఇది:
ఈ గదిలో మాకంటే ముందు ఎవడో ఉండి వెళ్ళాడు.
రోజుకు లక్ష ఉత్తరాలు కుమ్మరించాడట,
లాటరీలు, బట్టతల మందులు, ఎవరో చచ్చిపోతే మిగిలిన ఆస్తులు.
వాడు ఖాళీ చేశాడు. వాడి చెడ్డపేరు చేయలేదు.
లోకంలో ప్రతి గుమ్మం దగ్గరా మా నంబరు రాసిపెట్టి ఉంది,
రానివ్వొద్దని.
అప్పులవాళ్ళు పాత అద్దెదారుణ్ణి వెతుక్కుంటూ వచ్చి
కొత్తవాళ్ళ తలుపు బాదినట్టు.
జాబితా జాబితాకీ అర్జీ పెట్టుకున్నాను:
అయ్యా, మేం వేరు. మేం సూదులమ్ముకునేవాళ్ళం.

తర్వాత సంతకాలు.
మా పేరు మీద ఎవరెవరు మాట్లాడొచ్చో ఒక వరుస,
మాట్లాడింది మేమేననటానికి ఒక ముద్ర,
ముద్ర కుదరకపోతే ఏం చెయ్యాలో ఒక కట్టడి.
వెనక నుంచి కూడా అడుగుతారు,
ఈ నంబరింట్లో ఉండేది ఎవరని.
పేరు ఇంటిని చూపాలి, ఇల్లు పేరును చెప్పాలి,
రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి.
మా అమ్మకు రేషను కార్డులో ఒక పేరు, ఆధార్లో ఇంకోటి.
ఆవిడ ఉత్తరం రాస్తే ఎవరూ తీసుకోరు.

అన్నీ రాశాను. అయినా తిరిగొచ్చింది.
రెండున్నరకి దొరికింది తప్పు:
ఒక చుక్క.
పేరు చివర చుక్క లేకపోతే
అది ఇంకా అయిపోలేదనుకుంటుంది యంత్రం.
ఇంటిపేరు మళ్ళీ తగిలిస్తుంది,
మెయిల్ డాట్ వేదాచలం డాట్ ఇన్ డాట్ వేదాచలం డాట్ ఇన్ అని,
ప్రవర చదివే పంతులు దారితప్పి
మళ్ళీ మొదటి తాత దగ్గరికి వచ్చినట్టు.

తంగసాల వీధి బడిలో, తెలుగు సెక్షనులో,
హేమావతి టీచరు నా పలక ఎత్తి అందరికీ చూపించింది ఒకసారి.
"సున్న మింగేసింది చూడండి. పండు తెమ్మంటే
పడు అంటోంది ఈ పిల్ల."
పద్నాలుగు మందిమి, పగలబడి నవ్వాం, నేను కూడా.
ఆ సెక్షను ఇప్పుడు లేదు.

చుక్క పెట్టాను. సేవ్ చేశాను.
ఇక చేసేదేమీ లేదు.
ఊరూరా యంత్రాలు పాత జవాబును
కొంగున ముడేసుకుని తిరుగుతుంటాయి,
ఆ ముళ్ళు వాటంతట అవి వదులు కావాలి,
ఒక పూట పట్టొచ్చు, ఒక రోజు పట్టొచ్చు.
తెల్లారి వాన వచ్చింది.
బేసిన్ బ్రిడ్జి కింద నీళ్ళు, మీద రైళ్ళు,
బస్సులో నిలబడే ఫోనులో చూశాను, ఆరుసార్లు.

మూడోనాడు మధ్యాహ్నం శెట్టిగారు.
"వచ్చిందమ్మా."
"ఏం వచ్చింది సార్?"
"జవాబు. తిరుత్తణిలో ఒక దర్జీ. మన ధరల పట్టీ అందిందట.
బాబిన్ కేసు కావాలట, ఒక్కటి, ముప్పై ఐదు రూపాయలది."
అటువైపు కాగితం చింపిన చప్పుడు, టేపు లాగిన చప్పుడు.
"పోస్టు ఖర్చే నలభై అవుతుంది" అన్నారు,
"అడ్రసు రాస్తున్నా, ఉండు."