కాలవ చూడనీకి వచ్చినోళ్లకు

కర్నూల్లో యేముంది చూడనీకి అని అడిగితే
బస్టాండులో అందరూ బురుజు దావే చూపిస్తారు.
పో, ఎక్కు, ఫోటో దిగు.
దిగినాక నా కాడికి రా.
నా పేరు ఉరుకుందప్ప. ముప్పైరెండేండ్లు లస్కరు పని.
కాలవ తాళంచెవులు నా మొలతాడుకే యేలాడేవి.

కాలవ చూడల్లంటే ఎండాకాలం రా.
నీళ్లున్నప్పుడు ఏ కాలవైనా అందంగానే అగుపిస్తాది.
నీళ్లు కట్టేసినాక దిగి చూడు:
ఒంటి చెప్పు, వినాయకుని తొండం,
ఎవురో ఇసిరేసిన పెండ్లిపత్రికల కట్ట,
పేర్లు కూడా చెరిగిపోలేదు.
ముక్కుకు తువ్వాల కట్టుకో. తప్పు గాదు.

హంద్రి మింద కాలవ పోతాది, తెలుసునా?
కింద ఏరు, పైన కాలవ.
నీళ్లు నీళ్లను దాటిపోతాయి
రవంత కూడా తాక్కుండా,
ఒకే వాకిట్లో మాటల్లేని అన్నదమ్ముల మాదిరి.
ఆగస్టులో మళ్లీ వస్తివా, ఆ రాతికి చెవి ఆనిచ్చు.
యేమి ఇనబడతాదో నేను చెప్పను.
మా ఈరమ్మకు ఇనబడింది వేరే, నాకు ఇనబడింది వేరే.

కట్ట మింద స్కూటర్లు పోయే దావ ఉంది సూడు,
అది పడవల దావ.
మా జేజినాయన భుజానికి మోకేసుకొని
సరుకు పడవ లాగుకుంటా నడిచిన దావ.
ఆ మోకు గాడికి మా జేజి
సచ్చేదాకా ఆముదం రుద్దింది. పూడలేదు.
ఆడ హారన్ కొట్టొద్దు. అంతే.

ఇంగొకటి. పాతబస్తీలో మా అక్క ఇల్లు.
నడవలో గడియారానికి జానెడు పైన ఒక గీత.
ఇంటికి నాలుగుసార్లు సున్నమేసినారు,
గీత కాడికి వచ్చేసరికి కుంచె పక్కకు పోతాది.
రెండువేల తొమ్మిది. ఆ పొద్దు
ఏరూ కాలవా వీధీ ఒకటే అయిపోయినాయి.
నా మొలకు తాళంచెవులున్నాయి.
యేది తెరవల్ల? యేది మూయల్ల?
మిద్దె మింద నిలబడి చెవులు లెక్కబెట్టుకుంటి,
పదకొండు.

ఆ గీతకు ఫోటో తీయొద్దు.
గోడకు ఆనుకొని నిలబడు,
నీ తలకు ఎంత పైనుందో చెయ్యెత్తి చూసుకో, చాలు.

ఆకలైతే లాకుల కాడ మస్తానమ్మ ఉగ్గాని పెడతాది.
బజ్జీ చల్లగుంటే తిట్టు, పడతాది.
నా లెక్కలో రెండు టీలు బాకీ ఉండాయి,
వీలైతే కట్టిపో.
టికెట్టు అనుకో.