వేటకి తీసుకెళ్తాం

మా వాళ్ళు చేపలు పట్టడానికి అనరు.
వేటకి అంటారు.
ఆ మాటే బోర్డు మీద రాయించింది వదిన కాసులమ్మ,
పెద్దజాలరిపేట మలుపులో, పసుపు మీద ఎర్రగా:
కుటుంబ పడవ. వేటకి తీసుకెళ్తాం. భోజనం మాదే.

తెల్లారకుండానే దిగారు హైదరాబాదు బాబులిద్దరు.
లైఫ్ జాకెట్లు బిగించాను, వాంతి మాత్రలిచ్చాను.
ఇంజను అన్నది. దారి తాతది.
జీపీఎస్ వైపు చూడడు ఎల్లాజీ తాత.
డాల్ఫిన్ కొండ నెత్తిన
సింహాచలం కొండ కూచునేదాకా పోనీమంటాడు.
అక్కడ నీళ్ళు నలుపు తిరుగుతాయి.

కొమ్ముకోనాం తగిలింది.
గేలం గిలక కీచుమంటూ ముప్పావు గంట.
బాబు మోకాళ్ళు వణుకుతుంటే
వెనకనించి నడుం పట్టుకున్నాను.
అది లేచింది,
వీపు మీద నీలం తెరచాప విప్పుకుని.
ఎవరం మాట్లాడలేదు.

పక్కకి లాగాక ఫోటో దిగి,
కొమ్ముకి తడిగుడ్డ చుట్టి పట్టుకుని
మెల్లగా
వదిలేశాడు.

"ఏటి బాబూ, మరేటికి పట్టినావు?"
తాత అరచేతిలో తాడు కోసిన గీత ఉంది,
బ్రహ్మ గీసినవాటికి అడ్డంగా.
బాబు నవ్వి, అయిదొందలు ఎక్కువిచ్చాడు.

రాత్రి మా ఇంట్లో గుడ్ల కూర.
వదిన నోట్లు లెక్కపెట్టింది.
చేపనమ్మితే ఇంత రాదంది.
నిజమే. మళ్ళీ లెక్కపెట్టింది.
తాత కంచం ముందు కూచుని
గోడలో కొండలున్నట్టు చూస్తున్నాడు.

"మనకి కొండలు గురుతు.
ఇప్పుడు దానికి మన పడవ గురుతు"
అన్నాడు.
ఉప్పు అందుకోమన్నాడు.